మామిడి పండగకి ముందొచ్చిన ప్రొఫెసర్లు

అరకు,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకి నీ చెల్లి పద్మ నమస్కారాలు.

నేనిక్కడ బాగున్నాను. ఈ మాట నువ్వు నమ్మవని తెలుసు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను, బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? కొత్త మాత్రలు పడ్డాయా? బావకి మిల్లులో డ్యూటీ మారిందా, ఇంకా రాత్రి షిఫ్టేనా? చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందా? మీరంతా కులాసాగా ఉన్నారని తెలిస్తే నాకిక్కడ ముద్ద దిగుతుంది. నా సంగతికొస్తే వేళకి తింటున్నాను, జ్వరం రాలేదు, దోమతెర కట్టుకునే పడుకుంటున్నాను. ఇక నన్ను తిట్టడానికి నీకేమీ మిగల్లేదు.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా! నేను ఒక ముక్క చెప్పేలోపే "ఎన్నాళ్లే ఆ కొండల్లో? ఏటి సేత్తన్నావక్కడ? బావ ఇంజినీరింగు కాలేజీలో ఉజ్జోగం సూసి పెట్టినారు, బేగి వచ్చీయ్" అంటావు. వెనకనుంచి అమ్మ ముక్కు చీదుతుంది. సరిగ్గా నా వంతు వచ్చేసరికి సిగ్నలు పోతుంది, అదీ నీ పక్షమే. కాగితమైతే మధ్యలో అడ్డు తగలదు. చివరిదాకా చదువు, చదివాక ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు.

ఇక్కడ వాతావరణం అంటావా, మీకక్కడ ఎండకి తారు కరుగుతుంటే నేనిక్కడ తెల్లారుజామున దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటున్నాను. మధ్యాహ్నం దాకా చురుక్కుమనే ఎండ, సాయంత్రమయ్యేసరికి కొండ వెనకనుంచి మబ్బు, ఆపైన ఒక జల్లు. రోజూ ఇదే వరస. ఆదివారం వస్తే విశాఖపట్నం నుంచి కార్లూ, రైల్లో జనమూ. రోడ్డు పక్కన వెదురు బొంగులో చికెన్ తిని, కాఫీ తోట ముందు ఫోటోలు దిగి, చీకటి పడకుండా ఘాటు దిగిపోతారు. వాళ్లు వెళ్లిపోయాక ఈ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, మొదటి నెలలో నాకు ఆ నిశ్శబ్దానికే ఏడుపొచ్చేది. నీకు చెప్పలేదు. ఇప్పుడు రావడం లేదు కాబట్టి చెప్తున్నాను.

తిండికి లోటు లేదు. నేనుండే గది ఓనరు సన్యాసమ్మగారు రోడ్డు మీద టీ కొట్టు నడుపుతారు. ఆవిడది మన కిందవైపే, ఎస్.కోట. పొద్దున్నే రాగి అంబలి పోస్తారు, ఒక్కోరోజు సామల అన్నం పెడతారు. మొదట్లో గొంతులో అడ్డం పడేది, ఇప్పుడు అది లేకపోతే ఆకలి తీరినట్టుండదు. నేను కాస్త దిగాలుగా కనిపిస్తే చాలు, "ఏటమ్మా, అలా కూకున్నావు? బేగి తినీ, సల్లారిపోతది" అని కేకలేస్తారు. నీ గొంతు విన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను చేసే పనిని నువ్వు ఊళ్లో అందరికీ "ట్యూషన్లు" అని చెప్తున్నావట. ట్యూషన్లు కావు అప్పా! మూడు యూనివర్సిటీల వాళ్లు కలిసి, కొండ ఊళ్ల పిల్లలకి సైన్సూ ఇంజినీరింగూ చేతులతో చేయించి నేర్పాలని ఒక సెంటరు పెట్టారు. పాత కాఫీ గోడౌనే మా ల్యాబు. పదో తరగతి రాసిన పిల్లలు చుట్టుపక్కల ఊళ్లనుంచి వస్తారు. కొందరు ఇంట్లో ఒడియా మాట్లాడతారు, కొందరు కువి, కొందరు తెలుగు. ప్రొఫెసర్లు అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్తారు, రోజూ పిల్లలతో ఉండేది నేను. ప్రొఫెసర్ల సంగతి చెప్పాలంటే, ముగ్గురు కలిసి ఒక మేకు కొట్టాలన్నా ముందు ఒక మీటింగు పెట్టుకుంటారు. మేకు ఎటు తిరిగి ఉండాలో అక్కడ తేలదు. కానీ మంచివాళ్లు. ఆ మాట కూడా రాయకపోతే పాపం.

పిల్లల్లో జమున అని ఒకతి ఉంది. లెక్కలంటే ప్రాణం, నోట్లోంచి మాట మాత్రం లాగాలి. వాళ్ల నాన్న సుక్రయ్య, ఈ వేసవికి మా సెంటర్లో చదివి పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాయడానికి ఒప్పుకున్నాడు. సెంటరు లేదంటే జమున వాళ్ల వదినతో పాటు కింద సముద్రం వైపు రొయ్యల కంపెనీకి పోతుంది. ఆడపిల్లల్ని ఎక్కించుకుపోవడానికి ఆ కంపెనీ బస్సు ప్రతి వేసవిలోనూ వస్తుంది. పోయినేడు ఎక్కిన ఆడపిల్లల్లో ఎవరూ మళ్లీ పుస్తకం పట్టలేదు. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

పోయిన నెల నువ్వు బావ చేత బస్సులో వేయించిన మామిడికాయల బస్తా ఏమైందని ఎన్నిసార్లో అడిగావు. "పిల్లలు తిన్నారా?" అంటే నేను మాట దాటేశాను. ఇదిగో ఇప్పుడు చెప్తున్నాను, ఒక్కరూ ముట్టలేదు.

ఆ రోజు ఫిజిక్స్ మేడమ్, ఇంజినీరింగ్ సారు ఇద్దరూ వచ్చారు. సారు బొమ్మ గీసి పంపితే మేం ముందే ఒక పెట్టె కట్టి ఉంచాం. చెక్క పెట్టె, పైన అద్దం, లోపల నల్లరేకు, జల్లెడలాంటి అరలు. ఎండ వేడికి లోపలి గాలి కాగి తడిని లాక్కుపోతుంది, వాన పడినా లోపల సరుకు తడవదు. అందులో మామిడి ముక్కలు ఎండబెట్టి, ముందూ వెనకా తూచి, నీరెంత పోయిందో పిల్లలే కట్టాలని ఆయన ప్లాను. మైదానంలో ఉన్న ఇంకో సెంటర్లో ఇదే చేయిస్తే పిల్లలు తోసుకుంటూ వచ్చారట.

మావాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. సారు నవ్వుతూ జమున ముందుకి కత్తిపీట జరిపారు. ఆ పిల్ల దాన్ని చూసి, మెల్లగా వెనక్కి జరిపేసింది. "భయం లేదమ్మా, ఎవరైనా రండి" అని మేడమ్ పిలిచారు. ఎవరూ కదల్లేదు. చర్చికి ప్రార్థనకి వెళ్లే ఇళ్ల పిల్లలు ఇద్దరు ముందుకొచ్చినట్టే వచ్చి, స్నేహితుల మొహాలు చూసి ఆగిపోయారు. చివరికి సారూ నేనూ కూర్చుని కోశాం. పిల్లలు గోడ కేసి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

జీపు ఎక్కేముందు సారు నన్ను పక్కకి పిలిచి, "వీళ్లకి యంత్రాల మీద ఆసక్తి లేదమ్మా. మనం బలవంతం చేయకూడదు. వచ్చే నెలకే సెంటరు కిందకి మార్చేద్దామని నెలాఖరు మీటింగులో కమిటీకి చెప్తాను" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది, నేను ఎదురు చెప్పేదాన్ని. జాలిగా అన్నారు. నేను లోపలికొచ్చి నా కోపమంతా పిల్లల మీద చూపించాను. ఆ సాయంత్రం నేను నీకు ఫోను చేసి "ఉద్యోగం సంగతి బావని ఇంకోసారి కనుక్కోమను" అన్నాను కదా, అందుకు.

మర్నాడు పొద్దున్నే జమున గది దగ్గరికొచ్చింది. సన్యాసమ్మగారు టీ ఇస్తే తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. నేనే అడిగాను, అసలేమైందే అని.

"మాకింకా మామిడి పండగ అవ్వలేదు మేడమ్," అంది. "పండగ అవ్వకండా కొత్తకాయ మేం కొయ్యం, తినం. ముందు ఊరి దేవతకి పెట్టాల. దిసారి రోజు సెప్తాడు."

దిసారి అంటే వాళ్ల ఊళ్లో తిథులూ మంచిరోజులూ చూసే పెద్ద. మనకి ఉగాది పచ్చడి అయిపోయింది కాబట్టి మామిడికాయకి అడ్డేముందనుకున్నాను నేను. ప్రొఫెసర్లు మైదానంలో నడిచింది ఇక్కడా నడుస్తుందనుకున్నారు. ఇక్కడివాళ్లకి కొత్త కాయైనా కొత్త గింజైనా పండగ చేసుకుని నోట్లో పెట్టుకోవాలి, అంతవరకూ చేత్తో కోయరు. ఈ ముక్క నాకు ఇన్ని నెలల్లో ఒక్కసారీ అడగాలని తోచలేదు.

"అయితే ఆ రోజే చెప్పొచ్చు కదే!"

"అంత పెద్దోళ్లు వచ్చినారు. హాస్టల్లో ఒకపాలి సెప్తే అందరూ నవ్వినారు మేడమ్."

నాకు మన మామ్మ గుర్తొచ్చింది. తడిచేత్తో ఆవకాయ జాడీ ముట్టుకుంటే వీపు చిట్లగొట్టేది కదా! ఆ జాడీ దగ్గర మనం బిగుసుకుపోయి నిలబడితే, ఈ ఆడపిల్లలకి చదువు మీద ఆసక్తి లేదని ఎవరూ రాసుకోలేదు. వీళ్లకైతే మాత్రం రాసేస్తారా? అప్పా, నాకు అప్పుడొచ్చిన రోషం నువ్వు చూసి ఉంటే భయపడేదానివి. ఉద్యోగం కనుక్కోమన్న మాట నేను ఆ క్షణానే వెనక్కి తీసుకున్నాను, నీకు చెప్పలేదంతే.

చర్చి మెట్ట ఎక్కితే సిగ్నలు బాగుంటుంది. అక్కడనుంచి మేడమ్‌కి చేశాను. పిల్లలు ఎందుకు కొయ్యలేదో చెప్పాను. ఆవిడ "నేనూ పల్లెటూళ్లోనే పుట్టాను పద్మా, నాకైనా తట్టాల్సింది. మీటింగులోపు సారుని మళ్లీ తీసుకొస్తాను. ఈలోగా నువ్వు ఏం చేయిస్తావో చేయించు" అన్నారు.

పండగ కాస్త ముందుకొస్తుందేమోనన్న ఆశతో జమునని వెంటబెట్టుకుని దిసారి ఇంటికి కూడా వెళ్లాను. ఆయన వేళ్ల మీద ఏవో లెక్కలు చూసుకుని, మీటింగయ్యాక గాని రోజు లేదన్నాడు. కొంచెం ముందుకి జరపలేరా అని అడిగితే నా మొహం చూసి నవ్వాడు. "సందమామని సూసి పెట్టేదమ్మా పండగ. మీ మీటింగుని సూసి పెట్టేది కాదు."

సరే, మామిడి కాకపోతే ఇంకేదైనా. పిల్లల్ని కూర్చోబెట్టి, ఏది ఎండబెడదామో మీరే చెప్పండి అన్నాను. ఈసారి మాటలు వరదలా వచ్చాయి, అదీ మూడు భాషల్లో. అందరూ ఒక్క దగ్గర తేలారు, పసుపు. ఇప్పుడు ఏ ఊరికెళ్లినా ఉడకబెట్టిన పసుపు బండల మీద ఆరుతుంటుంది. సాయంత్రం జల్లు పడగానే ఇంటిల్లిపాదీ పరుగెత్తి ఎత్తాలి, తెల్లారి మళ్లీ పరవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా బూజు పట్టి రంగు చెడుతుంది.

అప్పటికప్పుడు గెలిచేశామనుకునేవు. మొదటిసారి పసుపు పెట్టెలో పెట్టి తీసేసరికి అద్దానికి లోపల చెమట, కొమ్ములు మెత్తబడి ఒకరకం కంపు. పల్చటి మామిడి ముక్కలకని గీసిన పెట్టె అది. లావుపాటి పసుపుకొమ్ముల తడంతా బయటికి పోయే దారి లేక లోపలే ఉడికిపోయింది. జమున వాళ్లమ్మ ఇచ్చిన పసుపు అది. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ పిల్లలు ఈసారి గోడ కేసి చూడలేదు, పెట్టె చుట్టూ మూగారు.

సారుకీ మేడమ్‌కీ కలిపి వీడియో కాల్ చేశాం. బొమ్మ ఆగిపోతూ, మాట ఎక్కడో నూతిలోంచి వస్తూ, ఆయన ఎత్తయిన పొగగొట్టం కావాలన్నారు, కింద కన్నాలు పెంచమన్నారు. మేడమ్ ఏమో అగరబత్తి వెలిగించి లోపల గాలి ఎటు పోతోందో పిల్లలనే చూడమన్నారు. ఆ పొగ బయటికి పోవడం మానేసి ఒక మూలే సుడి తిరుగుతోంది. అది చూసి పిల్లలు వేసిన కేకలకి కొట్టులోంచి సన్యాసమ్మగారు పరుగెత్తుకొచ్చారు, ఏ పామో దూరిందని! రేకు గొట్టం కొనడానికి సంత రోజుదాకా ఆగాలి. వెదురు తడిక చుట్టి, మట్టీ పేడా మెత్తి, వాళ్లే గొట్టం కట్టారు. ఒకటి వంకర పోయింది, కూలగొట్టారు. రెండోది నిలబడింది. ఎవరి పక్షాన ఎవరు దెబ్బలాడారో నాకు భాష రాక సగం తెలియలేదు, గొట్టం మాత్రం నిటారుగా ఉంది.

మీటింగుకి ముందు సారూ మేడమూ వచ్చారు. పెట్టె ఎలా పనిచేస్తుందో జమునే చెప్పింది. మధ్యలో ఎప్పట్లాగే జల్లు మొదలైంది, చుట్టూ ఇళ్లవాళ్లంతా బండల కేసి పరుగెత్తారు, మా పెట్టె మీద చినుకులు టపటపా పడుతున్నాయి, లోపల పసుపు పొడిగా ఉంది. సారు వైవాలో అడిగినట్టు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. గొట్టంలోంచి గాలి ఎంత వేగంతో పోతోందని అడిగితే జమున ఆగింది.

"తెలీదు సార్," అంది. తర్వాత అంది, "ఎలా కొలవాలో సెప్పండి, కొలిసి సెప్తాం."

ఆయన మొహం వెలిగిపోయింది అప్పా. వానలోనే నిలబడి, కాగితం తడిసిపోతుంటే బొమ్మ గీసి చూపించారు. అదయ్యాక పిల్లలందరినీ పిలిచి, "ఆ రోజు మీరు చేతులు కట్టుకుంటే మీకు ఇష్టం లేదనుకున్నాను. ఎందుకు కొయ్యడం లేదని అడగాల్సింది నేను. అడగలేదు" అన్నారు. వచ్చే ఏడాది పనులు ఏ నెలలో ఏవి పెట్టాలో పిల్లల పండగలు కనుక్కునే రాస్తామన్నారు. నెలాఖరున మేడమ్ ఫోను చేశారు. సెంటరు ఇక్కడే ఉంటుంది.

ఇంతటితో సంతోషంగా ముగించొచ్చు. కానీ నీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది ఇందుకు కాదు.

నిన్న పొద్దున్న సుక్రయ్య వచ్చాడు, వెనకాల జమున. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. చాలాసేపు పసుపు గురించి, వాన గురించి మాట్లాడాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సెంటరు ఉంటదంట, మంచిదే. నీకొకటి అడగాల. నీలాటోళ్లు ముందు కూడా వచ్చినారమ్మా. పిల్లలకి ఆశ పెట్టినారు, ఫోటోలు తీసినారు, వానలు ముదిరేసరికి దిగిపోనారు. ఈ గుంట సదువుతానంటంది. బస్సెక్కించొద్దంటంది. సెంటరు ఉంటదో పోతదో నాకు తెల్దు. నువ్వుంటావా?"

జమున నా వైపు చూడలేదు. నేల చూస్తోంది. అప్పా, నాకు ఆ క్షణాన బావ చూసిన ఉద్యోగం గుర్తొచ్చింది, అమ్మ ముక్కు చీదడం గుర్తొచ్చింది, పది రోజుల్లోగా కాలేజీకి జవాబు చెప్పాలన్న నీ మాటా గుర్తొచ్చింది. కనుక్కుని చెప్తానని అనొచ్చు. మర్యాదగా తప్పించుకునే మాట అది, ఆయన ఇదివరకు చాలామంది నోట విని ఉంటాడు.

"ఉంటాను" అన్నాను.

"ఎన్నాళ్లు?"

"దీని పాలిటెక్నిక్ అయ్యేదాకా ఉంటాను."

ఆయన తల పంకించలేదు, దండం పెట్టలేదు. లేచి, తుండుగుడ్డ దులుపుకుని, కూతురితో "అయితే సదువుకో" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

నిన్ను అడిగి చెప్పాల్సిన మాట, అడక్కుండా ఇచ్చేశాను. కాలేజీ ఉద్యోగం ఇంకెవరికైనా ఇప్పించమని బావతో చెప్పు. నా తరఫున నువ్వే చెప్పు, నాకు ఆయన ముందు నోరు పెగలదు. అమ్మకి మెల్లగా చెప్పు. ఏడిస్తే ఏడవనీ, అంబలి తాగి లావయ్యానని కూడా చెప్పు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే నా నీలం స్వెట్టరూ, ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న నా డిప్లొమా పుస్తకాలూ పంపు. పుస్తకాలు ముందు, స్వెట్టరు తర్వాత. ఆ పుస్తకాలు జమునకి కావాలి. నేను ధైర్యంగానే ఉన్నాను, ఆరోగ్యంగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

అమ్మకీ బావకీ నా నమస్కారాలు. చిన్నదానికి ముద్దులు. వీధిలో పెద్దవాళ్లు అడిగితే పద్మ బాగుందని చెప్పు, ట్యూషన్లని మాత్రం చెప్పకు.

ఇంకొక్క మాట రాసి ఆపుతాను. పది పాసయ్యాక నన్ను చదివించడం దండగని ఇంట్లో అందరూ అన్న రోజున, నువ్వు నీ కుట్టుమిషను ముందునుంచి లేచొచ్చి "అది సదువుతాది, నానుంటాను" అన్నావు. ఎన్నాళ్లుంటావని నాన్న అడిగితే, అయ్యేదాకా అన్నావు. నిన్న నా నోటికొచ్చిన మాట నాది కాదప్పా, నీదే. అందుకని కోప్పడకుండా దీవించు.

నీ మాట మీదే ఇక్కడ ఉండిపోతున్న
నీ చెల్లి
పద్మ